తెలియదా, అడగలేదా?

కంప్యూటర్ ముందు కూచొని మ్యూజియం వస్తువులకు రికార్డులు రాయడం నా ఉద్యోగం. మా వాడలో ఈ మాట చెప్తే ‘పాత సామాన్ల లెక్క రాస్తడంట’ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక వస్తువు మా బల్ల మీదికొస్తుంది. దుమ్ము దులిపి, పక్కన కొలబద్దా రంగుల కార్డూ పెట్టి ఫోటో తీస్తాం. నెంబరు వేస్తాం. ఆ తరవాత గళ్ళు నింపుతాం. వస్తువు పేరు, ముడిసరుకు, చేసిన పద్ధతి, కొలతలు, కాలం, దొరికిన చోటు, పోషకుడు లేదా వంశం, కళాకారుడు. పుణేలోని సీడాక్ తయారుచేసిన ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌తో ఢిల్లీ నేషనల్ మ్యూజియం, మన సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులు రికార్డుకెక్కాయి. 2014 నుంచి వాటిని ఎవరైనా ఇంట్లో కూచొని చూడొచ్చు. మేం వాడేది వేరేదే అయినా గళ్ళు ఇంచుమించు అవే.

నా పేచీ అంతా ఒక్క గడితో. కళాకారుడు అనే గడితో.

నవాబుగారి హుక్కా వస్తే వంశం గడి గబగబా నిండుతుంది. కుతుబ్‌షాహీ అనో, అసఫ్‌జాహీ అనో రాసేస్తాం. డప్పు వస్తే ఏం రాస్తారు? మోట తొండం వస్తే, కిర్రు చెప్పుల జత వస్తే? వంశం గడి ఖాళీ. కళాకారుడి గడిలో ‘అజ్ఞాత’. పైన బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. పెద్దది చేసి చూస్తే తోలు మీద ఆరె దిగిన ఒక్కో బెజ్జమూ కనపడుతుంది. బెజ్జం కనపడుతుంది గానీ ఆరె పట్టిన చెయ్యి కనపడదు.

అజ్ఞాత అంటే ఏమిటి? ఎవరికీ తెలియదని అర్థం. కానీ పాత రిజిస్టరు తీసి చూస్తే ఆ వస్తువును ఎవరు తెచ్చారో ఉంటుంది. ఏ తేదీన తెచ్చారో, ఎంతకు కొన్నారో ఉంటుంది. కొన్నవాడి సంతకమూ ఉంటుంది. ఊరి పేరు రాసినవాడికి, ధర రాసినవాడికి చేసినవాడి పేరు రాయడానికే సిరా అయిపోయిందా? చేసినవాడు అప్పుడు ఎదురుగానే ఉండి ఉంటాడు. చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడు. తెలియక కాదు, అడగక రాయలేదు. తెలియదనడానికీ అడగలేదనడానికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. మొదటిది కాలం చేసిన నష్టం. రెండోది మనిషి చేసిన పని.

సరే, ఆ ఒక్కడి పేరు ఇప్పుడు దొరకదు. కనీసం ఏ జనం చేతిపనో రాద్దామని మా పైఅధికారిని అడిగాను. ఆయన మంచివాడే. కళ్ళజోడు తీసి, ‘కులం గడి సిస్టంలో లేదయ్యా. అయినా కులం రాస్తే రేపు అట్రాసిటీ కేసంటారు. మనకెందుకొచ్చిన గొడవ?’ అన్నాడు. 1989 నాటి ఆ చట్టం మమ్మల్ని కావాలని అవమానించేవాళ్ళను శిక్షించడానికి వచ్చింది. మా చేతిపనికి మా పేరు పెట్టొద్దని చెప్పడానికి కాదు. ‘వంశం గడి ఉంది కద సార్. అది మాత్రం కులం కాదా?’ అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. రాజుల పుట్టుకను వంశం అనాలి, మా పుట్టుకను కులం అనాలి. వంశం చరిత్ర అవుతుంది, కులం గొడవ అవుతుంది.

అయితే ఆయన మాటను నవ్వుతో కొట్టిపారెయ్యలేకపోయాను. ఎందుకంటే మా ఇంట్లోనే ఈ తగువు తెగలేదు. కిర్రు చెప్పుల ఫోటో సెల్లులో పెట్టుకొని ఊరికి పోయి మా మామకు చూపించాను. ముప్పై ఏళ్ళు లందలో చేతులు ముంచిన మనిషి. ఫోటో చూడంగనే, ‘ఇది ఎద్దుతోలు గాదు, దున్నపోతుది. తంగేడు చెక్క మంచిగ పట్టింది’ అన్నాడు. మా రికార్డులో ముడిసరుకు గడిలో ‘తోలు’ అని ఒక్క మాటే ఉంది. చేసినోళ్ళు మాదిగలని రాయమంటావా మామా అని అడిగితే మాత్రం మొకం ముడుచుకున్నాడు. ‘వద్దు అల్లుడా. ఆ మాటతోని జీవితమంత పిలిపించుకున్న. కంప్యూటర్ల గూడ అదే పిలుపా? చెప్పుల మీద మన కులం రాస్తే, మన బతుకు చెప్పులకాడనే ఉన్నదనుకుంటరు’ అన్నాడు.

పొయ్యికాడ ఉన్న చిన్నమ్మ ఊకోలేదు. ‘రాయి కొడుకా. రాయకపోతే ఎవడో పెద్దింటాయన చేసిండంటరు. మన పని దాసుడు ఎందుకు? పని చేసినందుకు సిగ్గా, పని చేపిచ్చుకొని పైసలియ్యనోనికి సిగ్గా?’ అన్నది.

ఇద్దరి మాటా నిజమే. మామ చెప్పింది అనుభవం. చెప్పులు చేసినవాడే ఆ చెప్పులు చేతబట్టుకొని దొర గడీ ముందు నడిచిన ఊళ్ళు మావి. ఇవాళ అవే చెప్పులకు ఏసీ గది, మెత్తటి కాగితం, తేమ కొలిచే మిషన్. చెప్పులకు దొరికిన మర్యాద మనిషికి దొరకలేదు. అలాంటప్పుడు కులం పేరు రాస్తే పాత మచ్చనే కొత్త తెర మీద గుద్దినట్టవుతుందని మామ భయం. చిన్నమ్మ చెప్పింది ఆత్మగౌరవం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయినాక మావాళ్ళు పేరు చివర మాదిగ అని బాహాటంగా రాసుకున్నారు. తిట్టును ఇంటిపేరుగా చేసుకున్నారు. అప్పుడు ఆ మాట అదే, అర్థం వేరే. పలికిన నోరు మారింది కాబట్టి.

కులం రాయడం మ్యూజియాలకు కొత్తేమీ కాదు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఎడ్గర్ థర్‌స్టన్ అనే తెల్లదొర ఉండేవాడు. మనుషుల తలలూ ముక్కులూ పనిముట్లతో కొలిచి అంకెలు రాసుకున్నాడు. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం 1909లో వేశాడు. మాలలు, మాదిగలు నాలుగో సంపుటంలో ఉంటారు. మా తిండి, పెళ్ళి, చావు, దేవతలు అన్నీ ఉన్నాయి. అది కూడా ఒక రికార్డే. అందులో కులం ఉంది, మనిషి లేడు. మా తాతల ముక్కు కొలత పనికొచ్చింది గానీ వాళ్ళ నోటిమాట సాక్ష్యంగా పనికి రాలేదు. ఒకాయన కులాన్ని రాసి పేరును వదిలేశాడు. ఇవాళ మేం రెండూ వదిలేసి తటస్థంగా ఉన్నామని అనుకుంటున్నాం.

అదే మద్రాసు మ్యూజియంలో అమరావతి స్తూపం రాళ్ళున్నాయి. క్రీస్తు తరవాతి తొలి శతాబ్దాల నాటి ఒక రాతి మీద పూర్ణఘటం చెక్కి, కింద బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో దాత ఎవరో రాసి ఉంది. ఆయన పేరు విధికుడు. చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు అందరినీ కలుపుకొని ఇచ్చిన దానం అది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన అధికార చిహ్నంలోని పూర్ణఘటం ఆ అమరావతి శిల్పకళ నుంచి వచ్చిందే.

అప్పటి చమ్మకారుడే ఇప్పటి మాదిగ అని నేను వంశవృక్షం గియ్యబోవడం లేదు. ఆ జబ్బు మనకొద్దు. నేను చూసేది ఆ రాత తీరును. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలు కోసేవాడు. రెండూ ఒకే వాక్యంలో సిగ్గులేకుండా పక్కపక్కన కూచున్నాయి. పేరుంది, పని ఉంది, ఇంటిల్లిపాదీ ఉన్నారు. ఇంకొకడు వచ్చి కొలిచి రాసింది కాదు, తాను ఇచ్చినదాని మీద తాను చెప్పుకున్నది. రెండు వేల ఏళ్ళు కావస్తున్న రాతికి ఉన్న గడి మా కొత్త కంప్యూటరుకు లేదు!

కాబట్టి కులం రాయాలా వద్దా అనే ప్రశ్నే తప్పు. ఎవరు చెప్తే రాశావు, ఎవరి పేరు పక్కన రాశావు అనేది అసలు ప్రశ్న. మనిషిని తుడిచేసి కులం ఒక్కటే రాస్తే అది థర్‌స్టన్ కొలబద్ద. మనిషినీ కులాన్నీ రెంటినీ తుడిచేస్తే అది దొంగ సంస్కారం. మనిషి తన పేరుతో, తన నోటితో చెప్పుకుంటే విధికుడి రాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. డప్పు రికార్డులో ‘చేసిన పద్ధతి’ గడి నింపాలంటే మామలాంటి వాళ్ళ దగ్గరే కూచోవాలి. తోలు ఎట్లా నానెయ్యాలి, వెంట్రుక ఎట్లా తియ్యాలి, చింతగింజల జిగురు ఎంత చిక్కగా ఉండాలి, మంట కాడ ఎంతసేపు కాగబెట్టాలి, సిర్రా సిటికెన పుల్లా ఎట్లా పట్టాలి, చావు దెబ్బకూ పెండ్లి దెబ్బకూ తేడా ఏంటి... ఇదంతా చదువే. ఇదంతా రాసి నెట్‌లో పెడితే లోకమంతా ఉచితంగా చూస్తుంది. జ్ఞానం అందరిదీ అంటారు. మంచిమాట. బావి అందరిదీ అని ఎన్నడూ అనని నోళ్ళు ఇవాళ మా జ్ఞానం దగ్గరికి రాగానే అందరిదీ అంటుంటే మాత్రం అనుమానమొస్తుంది.

ఈ అనుమానం మా ఒక్కళ్ళదే కాదు. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ ప్రాంతపు వారుముంగు ఆదివాసులు పండితులతో కలిసి ‘ముకుర్తు’ అనే డిజిటల్ భాండాగారం కట్టుకున్నారు. ఆ మాటకు వాళ్ళ భాషలో వస్తువులు భద్రంగా దాచుకునే సంచి అని అర్థం. ఏ బొమ్మ ఎవరు చూడొచ్చో, ఏది చూడకూడదో అక్కడ ఆ జనమే నిర్ణయిస్తారు. యంత్రం వాళ్ళ కట్టుబాటును పాటిస్తుంది. అంటే సాఫ్ట్‌వేర్‌కు మనసు లేదు, అది గళ్ళు గీసినవాడి మనసే. గళ్ళు మారతాయి. మార్చమని అడిగేవాళ్ళు బల్లకు ఇవతల కూచోవాలి, అంతే.

మనకు తలుపులు మూసుకునే సంచి కావాలా అంటే నేను ఒప్పుకోను. మనల్ని ఊరి బయట పెట్టి తలుపులు మూసినవాళ్ళ దారి మనది కాకూడదు. డప్పు నలుగురూ వినాల్సిందే. కానీ చెప్పినవాడి పేరు, వాడి అనుమతి, వాడికి ఇచ్చిన కూలి రికార్డులో ఉండాలి. ఫోటో తీసిన కెమెరా పేరు రాసినప్పుడు విద్య చెప్పిన మనిషి పేరు రాయడానికి చోటు లేదనడం చెల్లదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నంత మేరకు నేను చేస్తున్నది ఇది. వివరణ గడిలో తెలుగులో కిర్రు చెప్పులు, తొండం, లంద, రంపె అని మా మాటలే రాస్తున్నాను. మా మాటతో వెతికితే మా వస్తువు దొరకాలి. ఎవరైనా పెద్దమనిషి వివరం చెప్తే ఆయన ఒప్పుకున్న మాటల్లోనే ఆయన పేరుతో రాస్తున్నాను. మామ తన పేరు రాయమన్నాడు, కులం వద్దన్నాడు. అట్లాగే రాశాను. చిన్నమ్మ రెండూ రాయమన్నది. రెండూ రాశాను. ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి నేనెవణ్ణి?

ఇక పేరు దొరకని చోట ‘అజ్ఞాత కళాకారుడు’ అని రాయడం మానేశాను. ‘సేకరించినప్పుడు పేరు అడగలేదు’ అని రాస్తున్నాను. పైఅధికారికి అది నచ్చలేదు. సంస్థను తప్పుపట్టినట్టుంది, తీసెయ్యి అన్నాడు. అబద్ధమైతే తీసేస్తాను సార్ అన్నాను. ఆ ఫైలు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.