లేని తీగ

మంచి కోసం చెప్పే అబద్ధం గురించి మాట్లాడినప్పుడల్లా మనం మనుషుల ఉదాహరణలే తీసుకుంటాం. రోగికి దాచిన జబ్బు, పిల్లలకి దాచిన అప్పు. నాకు మాత్రం ఒక పాతకాలపు సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. అది అబద్ధం చెప్పేది మనిషికి కాదు, ఇంకో ప్రోగ్రాముకి.

డయలప్ రోజుల సంగతి. ఆఫీసులో ఇరవై కంప్యూటర్లుంటే ఇరవై మోడెములు, ఇరవై ఫోన్ లైన్లు కొనలేరు కదా. ఏ నాలుగు మోడెములో ఒక సర్వర్‌కి తగిలించి, నెట్‌వర్క్ మీద అందరూ వాడుకోవాలనుకుంటారు. చిక్కేమిటంటే, ఆనాటి కమ్యూనికేషన్ ప్రోగ్రాములు చాలావాటికి నెట్‌వర్క్ సంగతి తెలీదు. తెలిసిందల్లా సీరియల్ పోర్టు. 1960లో వచ్చిన ఆర్ఎస్-232 ప్రమాణం నుంచీ ఆ లోకం చాలా చిన్నది: తీగకి ఈ చివర యంత్రం, ఆ చివర మోడెమ్. మూడోవాడికి చోటు లేదు.

అందుకని ప్రతి కంప్యూటర్లోనూ ఒక డ్రైవర్ పెడతారు. అది కామ్5 అనో మరోటనో లేని పోర్టుని పుట్టిస్తుంది. ప్రోగ్రాము దాన్ని తెరిచి, హేస్ కంపెనీ 1981లో స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన 'ఏటీ' ఆదేశాలు పంపుతుంది. డ్రైవర్ వాటిని సర్వర్‌కి చేరేస్తే, అక్కడ ఖాళీగా ఉన్న మోడెమ్ డయల్ చేస్తుంది. అక్షరాలు చేరేస్తే చాలదు. మోడెమ్ సిద్ధంగా ఉందా, అవతల క్యారియర్ ఉందా, ఇలా నిజం తీగలో వోల్టేజీగా ఉండే సంకేతాలన్నీ నటించి చూపాలి. ఈ పనిని టెల్‌నెట్ మీద ఎలా చేయాలో 1997లో ఆర్ఎఫ్‌సీ 2217 పేరుతో పద్ధతిగా రాసిపెట్టారు కూడా.

ఇందులో తప్పేముంది? తిరగరాయక్కర్లేకుండా పాత ప్రోగ్రాములు బతికాయి. మారలేనివాడికి లోకం మారిపోయిందని చెప్పి ఏం ప్రయోజనం? వాడికి అర్థమయ్యే రూపంలోనే కొత్త లోకాన్ని అందివ్వడం దయే.

మరి నాలుగు మోడెములూ పనిలో ఉండగా ఐదోవాడు వస్తే? "మీ ముందు ఇద్దరున్నారు, కాసేపాగండి" అని ప్రోగ్రాముకి చెప్పే దారి లేదు. దాని భాషలో వరస అనే మాటే లేదు. ఉన్నవల్లా పోర్టు తెరుచుకోలేదు, మోడెమ్ జవాబివ్వలేదు లాంటివి. తెర మీద అవే కనబడతాయి. కూర్చున్నవాడు తన మోడెమ్ పాడైందనుకుంటాడు. పక్క గదిలో ఎవరిదో అవసరం, ఇతని దగ్గరికి వచ్చేసరికి యంత్రలోపం అయిపోయింది.

నాకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. పంచుకుంటున్నామని తెలియకుండా పంచుకుంటే, తోటివాడు మనకి లోపంగా తప్ప కనబడడు. ఒకప్పుడు ఇళ్లలో ఒకే లైనుకి రెండు ఫోన్లుండేవి. రిసీవర్ ఎత్తితే లోపలి గదిలోంచి అక్క మాట్లాడుతూ వినబడేది. పెట్టేసి, "ఇంకెంతసేపే?" అని కేకేసేవాళ్లు. విసుగుండేది, కానీ అది ఎవరి మీదో తెలిసేది. వీధి కొళాయి దగ్గర తగాదా ఉంటుంది, వంతు కూడా ఉంటుంది. అదే అపార్ట్‌మెంట్లో కొళాయి ఆగిపోతే పక్క ఫ్లాట్లు గుర్తురావు, వాచ్‌మన్ గుర్తొస్తాడు.

అలాగని అబద్ధమే వద్దనను. ప్రోగ్రాముని నమ్మించడం వేరు, దాని ముందు కూర్చున్న మనిషిని నమ్మించడం వేరు. తెర మూల ఒక చిన్న విండో చాలు: ఏ మోడెమ్ ఎవరి దగ్గరుంది, ఎప్పట్నుంచి ఉంది. ప్రోగ్రాము భ్రమ దానికుంటుంది. మనిషికి మాత్రం లేచివెళ్లి "అయిందా?" అని అడగడానికి ఒక పేరు దొరుకుతుంది.

ఇవాళ క్లౌడ్‌లో "నా సర్వర్" అని మనం పిలిచేది కూడా చాలాసార్లు ఎవరెవరితోనో కలిసి వాడుకుంటున్న యంత్రంలో ఓ వాటా. నెమ్మదిస్తే రిఫ్రెష్ కొడతాం, తిట్టుకుంటాం. అవతలివాళ్లెవరో తెలీదు, అడిగే దారీ లేదు. దయతో చెప్పే అబద్ధానికి నేను పెట్టే షరతు ఒక్కటే: అది పనిచేయని రోజున, అడ్డుగా ఉన్నది చెడిన యంత్రం కాదు, నాలాగే అవసరం ఉన్న ఇంకో మనిషి అని నాకు తెలియాలి.