లెక్కకు రాని చాకిరీ

2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు చర్చలకని నల్లమల నుంచి బయటికొచ్చినప్పుడు మా యర్రగొండపాలెం ఊపిరి పీల్చుకుంది. 2005 జనవరికి చర్చలు తెగిపోయాయి. మళ్లీ జీపులు, కూంబింగ్.

ఘర్షణ కాలంలో బలగాల మీద పెట్టే ఖర్చు అభివృద్ధికి తోడ్పడుతుందా? 44 వర్ధమాన దేశాల లెక్కలు చూసిన ఎమిల్ బెనాయిట్, సైనికవ్యయం ఎక్కువున్నచోట వృద్ధీ ఎక్కువుందని 1973లో రాశాడు. తర్వాత చాలామంది కాదన్నారు. వాళ్ల తగువు అంకెల మీద. నా తగువు ఆ కొలత మీదే.

పోలీసు జీతం జాతీయాదాయంలో చేరుతుంది. ఫ్లోరైడు నీళ్లకు నడుం వంగిన నాయనమ్మకు అమ్మ చేసిన సేవ చేరదు. నాన్న ఇల్లు చేరేదాకా ఆమె మేలుకున్న రాత్రులూ చేరవు. ఆడవాళ్ల ఇంటి చాకిరీని ఈ లెక్కలు సున్నా చేస్తాయని మారిలిన్ వేరింగ్ 1988లోనే నిలదీసింది.

మాకు నీళ్లివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాల తవ్వకం 2024 జనవరికి గానీ ముగియలేదు. ఆ జాప్యానికి తుపాకుల ఖర్చే కారణమని అనను. కానీ ప్రభుత్వం వాయిదా వేసిన ఖర్చును ఏదో ఒక ఇంట్లో ఆడమనిషి తన ఒంటితో కడుతుంది. ఆ బాకీ రాయని పద్దును అభివృద్ధి అనడం నాకు న్యాయంగా తోచదు.