వెన్నెముక విరిగినచో వివాహము విరుగునా?

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 7:3–5



తాటిచెట్టు మీదనుండి పడి, బావిలో పడి, మోటారు సైకిలు ప్రమాదములో చిక్కి నడుము చచ్చుబడినవారు మన పల్లెలలో ఉన్నారు. మేము వారిని దర్శింప వెళ్లినప్పుడు ఆకలిని గూర్చియు, నిద్రను గూర్చియు, పడకపుండ్లను గూర్చియు అడుగుదుము. ఆ యింట భార్యాభర్తల కాపురము ఏమైనదని మాత్రము ఎవరును అడుగరు. అది మర్యాద కాదని అందరి తలంపు. మనము అడుగని ప్రశ్నకు బంధువులు తామే జవాబు చెప్పివేయుదురు. “ఇక వానికి సంసారమేమి? పిల్లను పుట్టింటికి తోలుకొని పొండి” అందురు. గాయపడినది భార్యయైతే, “వానికి మరియొక సంబంధము చూడుడి” అందురు. ఈ తీర్పు న్యాయమైనదేనా?

మొదట శరీరమును గూర్చిన సత్యమును తెలిసికొందము. సంగతి విచారింపక చెప్పిన తీర్పు తీర్పు కాదు.

వెన్నుపాము మెదడునుండి నడుము వరకు దిగిన నరముల త్రాడు వంటిది. అది ఒకచోట నలిగినను తెగినను, అంతకు క్రింది భాగమునకు మెదడునుండి వార్త చక్కగా చేరదు. అంతమాత్రమున క్రింది భాగమంతయు చచ్చిపోయినదని కాదు. దాంపత్యమునకు సంబంధించిన నరములు రెండు మార్గములలో పనిచేయును. ఒకటి మనస్సులోని తలంపువలన కదలును. మరియొకటి స్పర్శవలన, వెన్నుపాము చివరి భాగమునుండియే కదలును. గాయము ఎంత ఎత్తున తగిలినది, పూర్తిగా తెగినదా, కొంత మిగిలినదా అనుదానినిబట్టి ఒక మార్గము పోయినను రెండవది మిగిలియుండవచ్చును. కావున ఒకని స్థితినిబట్టి మరియొకని స్థితిని నిర్ణయింపరాదు.

పూర్వము ఇట్టి గాయము తగిలినవారిలో అనేకులు పడకపుండ్లవలనను మూత్రపు రోగములవలనను త్వరలోనే మరణించెడివారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ వారికొక ప్రత్యేక విభాగమును నడుపనారంభించి, వారిని బ్రదికించుటే గాక పనులకును ఆటలకును మరల్చెను. మన చిత్తూరు సీమకు దాపుననున్న రాయవేలూరులో, 1954 నాటి ప్రమాదమువలన కాళ్లు చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్ గారు చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. ఆమె పూనికవలన 1966లో అక్కడ ఇట్టివారికొరకు పునరావాస వైద్యశాల వెలసినది.

ప్రాణము దక్కిన తరువాత, ఎట్లు జీవింపవలెనను ప్రశ్న వచ్చును. 2004లో అమెరికాలో కిమ్ ఆండర్సన్ అను పరిశోధకురాలు వెన్నుపాము గాయపడిన 681 మంది జవాబులను ప్రకటించిరి. “పోయినవాటిలో మొదట ఏది తిరిగి రావలెనని కోరుదురు?” అని అడుగగా, చేతులు కూడ పడిపోయినవారు ఎక్కువమంది చేతులనే కోరిరి. కాళ్లు మాత్రము పడిపోయినవారిలో ఎక్కువమంది మొదట కోరినది నడకను కాదు, దాంపత్య శక్తిని. వారు సిగ్గులేనివారు కారు. ఎవరును అడుగని దానిని ఒకరు అడుగగా నిజము చెప్పిరి.

స్త్రీకి ఇక ఏమియు తెలియదని చాలకాలము తలంచిరి. వెన్నుపాము పూర్తిగా తెగిన స్త్రీలలోను కొందరికి దాంపత్య సుఖము తెలియుచున్నదని కోమిసారుక్, విప్పుల్ అనువారు పరిశోధించి చూపిరి. వెన్నుపాముతో పనిలేకయే మెదడునకు పోవు వేగస్ అను నరము దానికి మార్గమగుచున్నదని 2004లో వ్రాసిరి. గాయపడిన స్త్రీకి నెలసరి కొన్ని నెలలు ఆగినను సాధారణముగా మరల వచ్చును. ఆమె గర్భము ధరింపవచ్చును. ఆమెను గొడ్రాలనుట అబద్ధము. పురుషులకు 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ మాత్ర అనేకులకు ఉపకరించుచున్నది. సంతానము కోరువారికి వేరు సాధనములు కూడ ఆసుపత్రులలో గలవు. అయితే ఎవరును తమంతట తాము మందు కొనరాదు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు ఆ మాత్రను ముట్టరాదు. గాయము రొమ్ము ఎత్తున గాని అంతకు పైన గాని ఉన్నవారికి ఆ సమయమున తలపోటు, చెమట, రక్తపు పోటు హఠాత్తుగా హెచ్చినచో అది ప్రాణాపాయము. వెంటనే మాని, లేచి కూర్చుండి, వైద్యుని సహాయము పొందవలెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. బంధువులు ఇచ్చు జవాబు తప్పు. భక్తిగా కనబడు మరియొక జవాబు కూడ గలదు: “ఆత్మ ముఖ్యము గదా, శరీరమును గూర్చిన చింత యెందుకు?” ఇదియు తప్పే. పౌలు భార్యాభర్తలు ఒకరికొకరు బాకీపడియున్నారని వ్రాసెను. భార్యకు చెప్పినదే భర్తకును చెప్పెను. ఆరోగ్యవంతులకు మాత్రమే అని అతడు వ్రాయలేదు. అయితే ఈ బాకీ షావుకారు వసూలు చేయు బాకీ వంటిది కాదు. ఎవరియొద్ద ఏమి మిగిలియున్నదో దానిని ప్రేమతో ఇచ్చుకొనుటయే దాని తీర్పు. చేతి స్పర్శ, దగ్గర కూర్చుండుట, మనస్సు విప్పి మాటలాడుట కూడ అందులోనివే.

ఆరోగ్యముగా ఉన్నవారి భారమును మరువరాదు. పగలెల్ల కడిగి, ఒత్తిగించి, మలమూత్రములు ఎత్తిన భార్య రాత్రి మరల భార్యగా మారుట కష్టము. వీలైనచో ఆ సేవను వేరొకరు చేయుట మంచిదని ఈ వైద్యము తెలిసినవారు చెప్పుదురు. ఇక్కడ సంఘమునకు పని గలదు. వారమునకు రెండు పూటలు మనలో ఒకరు వెళ్లి ఆ పని చేసినచో ఆ కాపురమునకు ఊపిరి దొరకును.

వైద్యము అందరికిని అన్నిటిని తిరిగి ఇయ్యలేదు. ఇయ్యనప్పుడు కూడ మాట మిగిలియున్నది. పెండ్లినాడు రోగమును కూడ లెక్కలో వేసికొనియే మనము ప్రమాణము చేసితిమి. వివాహమే లేనివారిని, సంతానము లేనివారిని ప్రభువు తన యింట వెలితిగా చూడడని యెషయా 56వ అధ్యాయము చదివినవారికి తెలియును.

1976లో జాక్ అన్నన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ విషయమున సహాయము చేయుటకు నాలుగు మెట్లు చూపెను. అందు మొదటి మెట్టు మందు కాదు, యంత్రము కాదు. మాటలాడుటకు అనుమతి ఇచ్చుట. అంత మేలును చదువురానివారు కూడ చేయగలరు. పురుషుని పురుషుడు, స్త్రీని స్త్రీ, ఏకాంతముగా, మెల్లగా అడుగవలెను. విన్నదానిని వీధిలో వేయరాదు. తరువాత భార్యాభర్తలను ఇద్దరిని కలిపి వైద్యునియొద్దకు పంపవలెను. ఆ యింటి పిల్లను పుట్టింటికి పంపుటకు బండి కట్టకమునుపు, ఈ చిన్న పని మనము చేసితిమా?