వీనుల రుచి

కాళిదాస మహాకవి రఘువంశములో ఇందుమతీ స్వయంవరమును వర్ణించుచు ఒక చక్కని మాట చెప్పెను. అంగరాజును దాటి ఇందుమతి ముందుకు సాగినది. ఆ రాజునందు లోపము లేదు. ఆమెకు గుణమెంచు తెలివి లేకపోలేదు. లోకమున రుచులు వేరు, అంతే అని కవి ఊరకుండెను. వరుని ఎన్నికలో ఆ సమాధానము చాలును. గాన విషయమున మాత్రము చాలదు. ఏలయన, భగవత్సన్నిధికి చేర్చవలసిన పాటయే ఒకరికి అమృతము, మరొకరికి కర్ణకఠోరము అగుచున్నది.

వైష్ణవ గృహములలో ఇది నిత్యము కనిపించునదే. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి కంఠమున 1963 నాటి సుప్రభాతము వినబడనిదే ఇంటి పెద్దావిడకు తెల్లవారదు. అవే శ్లోకములను వేరొకరు వేరొక వరుసలో పాడినచో ఆమె ముఖము చిట్లించును. ఆ శ్లోకములను రచించిన ప్రతివాది భయంకరం అణ్ణన్ పదునైదవ శతాబ్ది వారు. ఆమె అనాదిగా వచ్చినదని తలచు ఆ ధ్వనికి మాత్రము నిండా డెబ్బది యేండ్లు లేవు! మనుమడు భజనమండలిలో సినిమా వరుసకు కట్టిన గోవిందనామములు పాడి పరవశించును. ఆమెకది అపచారముగా తోచి, పూజగదిలో ఆ పాట వలదని వారించును. బాలుడు ఆ వరుసతోపాటు నామమును కూడ మానివేయును. నష్టమిచ్చట ఎవరిది?

ఇంపు నాదములోనే కలదని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. పై షడ్జమునకు ఆధార షడ్జమునకంటె రెండింతల కంపనములు, పంచమమునకు ఒకటిన్నర రెట్లు. ఈ లెక్క ఏ దేశమునకైనను ఒక్కటే. ఐతే 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, బొలీవియా దేశపు అమెజాన్ అరణ్యప్రాంతమున నివసించు త్సిమానే జాతి వారికి, పాశ్చాత్యులు శ్రావ్యమని ఎంచు స్వరముల కలయికలను, కటువని ఎంచు కలయికలను వినిపించిరి. వారు రెండును సమానముగానే బాగున్నవనిరి. భేదమును గుర్తింపలేక కాదు. పలు స్వరములను ఒక్కసారిగా కలిపి పాడు అలవాటు వారి సంగీతమున లేదు. లెక్క సృష్టిది, ఇంపులో పెద్ద పాలు అలవాటుది. మన పెద్దలు దీనికి వాసన అని పేరు పెట్టిరి.

ఆ వాసన పని చేయు తీరు ఇట్టిది. పలుమారులు విన్న చెవి, రాబోవు సంగతిని ముందుగానే ఊహించును. ఊహించినది వచ్చినప్పుడు తృప్తి. కొంచెము మారి వచ్చినప్పుడు విస్మయము. రాగము నడక ఎరుగని వానికి ఎదురుచూపే లేదు గనుక ఆ రెండును లేవు. అతనికది తెలియని భాషలో చెప్పిన పురాణము.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలే ఇందుకు నిదర్శనము. తిరుమల రాగిరేకులపై రాగముల పేర్లు కలవు, స్వరములు లేవు. కావున నేడు వినబడు వరుసలలో అధికభాగము రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ప్రభృతులు ఇటీవలి కాలమున కూర్చినవే. ఒకే కీర్తన రెండు మూడు వరుసలలో వినబడుచుండును. ఎవరు ముందుగా ఏది వినిరో వారికదియే అన్నమయ్య పాట. ఆ మహనీయుడు మాత్రము ఒక్క చెవికే పాడలేదు. పండితులు మెచ్చు రాగములతోపాటు వడ్లు దంచువారి సువ్వి పాటకు, పడుచుల గొబ్బి పాటకు, తల్లుల లాలికి కూడ స్వామి సన్నిధిలో చోటిచ్చెను.

ఐనచో సర్వము అలవాటే, గానములో తారతమ్యమే లేదందురా? అదియు సరికాదు. గురుపరంపరా గ్రంథములలో నాథమునుల కథ కలదు. దేవగానము నేర్చిన ఒక గాయకురాలికి చోళరాజు సభలో తగిన ఆదరము లభింపలేదు. నాథమునులు ఆ గానపు విలువను గ్రహించిరి. ఇది తమకెట్లు తెలిసెనని రాజు అడుగగా, వారు పెక్కు తాళములను ఒక్కసారిగా మ్రోయించి, ధ్వనిని బట్టియే ఒక్కొక్కదాని తూకమును చెప్పిరట. ఈ కథను వారి మహిమకు తార్కాణముగా చెప్పుట వాడుక. ఇందులో వారి సౌజన్యము కూడ కనిపించును. రాజు చెవిని వారు నిందింపలేదు. త్రాసుతో రాజు స్వయముగా సరిచూచుకొనగల నిదర్శనము నొసగిరి. వినలేనివాడు చెవిటివాడు కాడు, అతనికి ఇంకను నేర్పువారు దొరకలేదు. రాజు పొరపాటు దేవగానము రుచింపకపోవుట కాదు. తనకు వినబడని దానిని లేనిదిగా ఎంచుట.

ఆ నాథమునులే తమ మేనల్లుండ్రిరువురకు దివ్యప్రబంధ గానమును నేర్పిరి. ఆ సంప్రదాయమున నేటికిని శ్రీరంగమున అధ్యయనోత్సవ కాలములో అరయర్లు తాళములు మ్రోయించుచు పాశురములు పాడుచున్నారు. కచేరీలకు అలవాటుపడిన తెలుగు యాత్రికునకు తొలినాడది పాటయో పఠనమో తెలియదు, లేచి వెళ్లవలెననిపించును. పది దినములు కూర్చున్నవానికి, పదునొకండవనాడు తాళము మ్రోగకమునుపే చెవి అటు తిరిగియుండును.