మొగలిపువ్వు చేసిన నేరమేమి?

పువ్వునకు నేర మంటునా? ఈ ప్రశ్న కొందఱికి హాస్యాస్పదముగఁ దోఁపవచ్చును. కాని మన పూర్వులు దీనిపై నొక తీర్పు వ్రాసియుంచిరి. దానిని మరల విచారించుట యుక్తమని మేము తలంచుచున్నాము.

జువ్వలదిన్నె మొదలగు గ్రామములుగల నెల్లూరు తీరపు ఇసుకనేలకు మొగలి మిక్కిలి యనువైన చెట్టు. దాని ఊడవేళ్లు కదలెడు ఇసుకను పట్టి నిలుపును. పరిమళము మగచెట్టు పూవునకే కలదు. స్త్రీలు జడలలోఁ దుఱుముకొను రేకులు నిజమునకు పూఁగుత్తిని గప్పియుండు లేఁత యాకులు. 1936 వఱకు మద్రాసు రాజధానిలో నుండిన గంజాము జిల్లాలో నేఁటికిని ఈ పూవులనుండి యత్తరు తీయుదురు. ఇంతటి యుపకారి శివపూజకుఁ బనికిరాదఁట! జ్యోతిర్లింగపు శిరస్సును జూచితినని బ్రహ్మ యాడిన కల్లకు కేతకి సాక్ష్యము పలికెననియు, అందుచే శివుఁడు శపించెననియు శివపురాణగాథ.

పాశ్చాత్యులును ఇట్టిపనియే చేసిరి. నార్సిసస్ అను యువకుఁడు నీటిలోని తన నీడనే మోహించి కృశించెననియు, అతఁడున్నచోటఁ బువ్వు మొలచెననియు రోమను కవి ఓవిడ్ వ్రాసెను. డాఫొడిల్ పూలజాతికి శాస్త్రజ్ఞులు వాడు పేరు నార్సిససే. ఆత్మవ్యామోహమునకును ఆ పేరే యంటుకొన్నది. అయినను 1802 ఏప్రిలు 15న అల్స్‌వాటర్ సరస్సు నొద్ద ఆ పూలబారులను వర్డ్స్‌వర్తు కవియు, నతని సోదరి డొరొతియుఁ జూచిరి. 1807లో వెలువడిన యతని పద్యముతో అవి యానందమునకు గుఱుతులైనవి. వేల్సువారి కది జాతీయచిహ్నము. దాని దుంపలలోని గాలంటమైన్ మతిమఱపు రోగమునకు మందగుచున్నది. పూవు నాఁడెట్లో నేఁడు నట్లే యున్నది. చూచువారి దృష్టి మాఱినది.

కేతకి కథ యసత్యమును నిందించు నీతికథయే కదా యని కొంద ఱందురు. ఆ నీతిని మేమును శిరసావహింతుము. కాని నేఁడు విచ్చిన మొగలి యే సభలో సాక్ష్యము చెప్పినది? 1860 నాటి శిక్షాస్మృతి గాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన న్యాయసంహిత గాని, న్యాయస్థానమునఁ గల్లసాక్ష్యము చెప్పినవానికే యేడేండ్లవఱకు కారాగారము విధించును. వాని మనుమని జోలికిఁ బోదు.

అయితే మన చట్టములే యొకప్పుడు ఈ ధర్మమును దప్పినవి. 1871లోఁ బుట్టి, 1911 నాటి శాసనముతో మద్రాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థజాతుల చట్టము కొన్ని కులములకు పుట్టుకతోనే దొంగలను ముద్ర వేసెను. జువ్వలదిన్నెకుఁ బొరుగుననే యున్న కావలిలో ఎఱుకలవారిని పహరాలోనుంచిన నివాసముండెను. తొట్టిలోని శిశువు ఏ యింటికిఁ గన్నము వేసెను? 1952లో ఆ చట్టము రద్దయినది. అనుమానము మాత్రము రద్దు కాలేదు. కారాగారములలోఁ గులమునుబట్టి పనులు పంచు నియమములను సుప్రీముకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేయవలసివచ్చెననిన, ఆ విషమెంత లోఁతునకు దిగినదో చదువరులే యూహింపవచ్చును.

పూవును బూజకుఁ దెచ్చుటయు మానుటయు ఎవరి యిష్టము వారిది. కాని "వారి జాతియే యంత" యను మాట నోటికి వచ్చినప్పుడు, ఈ మనుష్యుఁడు స్వయముగఁ జేసిన నేరమేమి యని యొక్కమా ఱడిగికొనుఁడు. సమాధానము లేనిచో ఆ మాటను మ్రింగివేయుఁడు.