ప్రైవేటు సముద్రం

మా ఊరు ముడిమ్యాల నుంచి ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మీద పడ్డ వాన కొంత ఈసీ వాగు పట్టుకుని హిమాయత్‌సాగర్‌కు, కొంత మూసీ పట్టుకుని గండిపేటకు చేరుతుంది. అక్కడ గేట్లెత్తితే పట్నం దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, దారిలో ఎన్ని కట్టలు ఆపినా చివరికి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. మా నీళ్లు చూసినంత సముద్రం మా మనుషులు చూడలేదు.

అలాంటి ఊరివాడు, మా చిన్నాయన కొడుకు, అండమాన్‌లో తెరచాప పడవ ఒకటి కిరాయికి మాట్లాడుకుని ముగ్గురు దోస్తులతో వారం రోజులు దీవుల మధ్య తిరగాలని ప్లాను వేస్తున్నాడు. టమాట మడుల్లో పెరిగినవాడే. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, ఆదివారాలు హుస్సేన్‌సాగర్ మీద చిన్న పడవ నడపడం నేర్చుకున్నాడు. దసరాకు ఊరికొచ్చినప్పుడు ఆ ప్లాను కాగితం నా చేతిలో పెట్టాడు. మనిషికి రోజుకు తాగే నీళ్లు నాలుగు లీటర్లు. వాంతుల మాత్రలు. లైఫ్‌జాకెట్లు. వీహెచ్‌ఎఫ్ రేడియో, చానల్ 16. కోస్ట్‌గార్డ్ 1554. ఫిబ్రవరిలో ఈశాన్య గాలి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయల్దేరి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. అన్నిటికన్నా అడుగున, కింద రెండు గీతలు కొట్టి: ఎవ్వరూ లేని బీచ్, పూర్తిగా ప్రైవేటు.

చిన్నమ్మకు చదివి వినిపిస్తే ఒక్కటే అడిగింది. "ఎవ్వలు లేని కాడికి పోయి ఏం జేస్తవు బిడ్డా?"

"అందుకే పోతున్ననే అమ్మా."

ఈ ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ముందొక మాట. రైతు కొడుక్కి పడవ షికారేమిటని ముక్కు విరిచేవాళ్లతో నాకు పేచీ ఉంది. బోరు వేస్తే అవసరం, కారు కొంటే హోదా, పెళ్లికి అప్పు చేస్తే మర్యాద. గాలి మీద ఆధారపడి ఓ వారం బతికి చూస్తానంటే మాత్రం పిచ్చి. ఈ లెక్క ఎవరు రాశారు? మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం అక్కడ చెమటలు కక్కుతూ తిరిగే పిల్లల్ని ఎవరూ ఎగతాళి చెయ్యరు, ఆ కోరిక వెనక జీతం ఉంటుంది గనక. లాభం లేని కోరికనే నిలబెట్టి సంజాయిషీ అడుగుతాం. 2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవ మీద ఆరుగురు నౌకాదళ మహిళలు గోవా నుంచి భూమి చుట్టి రావడానికి బయల్దేరారు. అందులో విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య ఉన్నారు. 254 రోజులకు, 2018 మేలో తిరిగొస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. బాగానే ఉంది. అదే గాలి, అవే నీళ్లు. జెండా లేకుండా, కేవలం తన ఇష్టానికి ఒకడు పోతానంటే ఆ చప్పట్లు ఎందుకు ఆగిపోతాయి? మనిషి తన సంతోషాన్ని ఏదో ఒక పెద్ద పనికి జీతగాడిగా పెడితే తప్ప మనకు ఊపిరాడదా?

కాబట్టి ప్రయాణం మీద నాకు తగాదా లేదు. నన్ను గుచ్చింది ఆ రెండు గీతల మీది 'ప్రైవేటు'.

మా దిక్కున ఆ మాటకు ఎత్తూ పొడవూ ఉంటాయి. ప్రీకాస్ట్ పలకల గోడ, పైన ముళ్లతీగ, ఇనుప గేటు, సీసీ కెమెరా, 'కుక్కలున్నవి జాగ్రత్త' బోర్డు. తాతల నాటి నుంచి ఎడ్లబండ్లు నడిచిన బాట ఒకనాడు తెల్లారేసరికి గోడలో కలిసిపోతుంది. వెనక పొలం రైతు నక్ష చంకలో పెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు తిరుగుతాడు; నక్షలో ఉన్న బాట నేల మీద ఉండదు. ఫాంహౌస్ కొన్నవాడు దుర్మార్గుడని నేననను. పట్నం చప్పుడుకు విసిగి వారానికి రెండు పూటల నిశ్శబ్దం కొనుక్కున్నాడు. ఆ నిశ్శబ్దానికి కిస్తీలు మాత్రం వెనక రైతు కడుతున్నాడు, ఎరువు బస్తా నెత్తిన పెట్టుకుని రోజూ చుట్టుదారిన నడిచి.

సముద్రం మీద ఇలాంటి గోడ లేవదు. లేవదు గనకే అక్కడ స్వేచ్ఛ ఉందని మా తమ్ముడు అంటాడు. ఆ కాగితాన్నే మళ్లీ చదివితే నాకు ఇంకోటి కనిపించింది. చానల్ 16 ఎందుకు? ఆపదలో పిలిస్తే వినడానికి ఓడలన్నీ ఆ చానల్ మీద చెవి వేసి ఉంచుతాయి గనక. 1554 ఎందుకు? అర్ధరాత్రి అటు ఫోనెత్తేవాడు ఒకడు మేలుకుని ఉంటాడు గనక. వాతావరణ సూచన రాసేవాళ్లు, లైట్‌హౌస్ దీపం చూసుకునేవాళ్లు, రాళ్లెక్కడున్నాయో ఎన్నడో కొలిచి పటం గీసినవాళ్లు. ఎవ్వరూ ఉండకూడదని రాసుకున్న కాగితం నిండా, ఎవరో ఒకరు ఉంటారన్న నమ్మకమే ఉంది.

ఒంటరిగా భూమి చుట్టే పందెంలో ఉన్న నౌకాదళ అధికారి అభిలాష్ టామీకి 2018 సెప్టెంబరులో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు పడవ బోల్తా కొట్టింది, తెరచాప స్తంభం విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతింది. కదలలేక పడవలోపల పడుకుని సందేశాలు పంపాడు. ఆస్ట్రేలియా తీరం వేల కిలోమీటర్ల దూరం. ఆ పందెంలోనే ఆయనకు పోటీదారైన ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెగకిన్, తన పడవ స్తంభాలు కూడా విరిగిపోయినా, దొరికిన కర్రకు గుడ్డ కట్టి పడవను ఆయనవైపు తిప్పాడు. చివరికి ఒసిరిస్ అనే ఫ్రెంచి గస్తీ ఓడ వచ్చి సెప్టెంబరు 24న ఆయన్ను ఎత్తుకుంది. దాని అసలు పని ఆ నీళ్లలో చేపల దొంగల మీద కాపలా. ఒంటరితనమే నియమంగా పెట్టుకున్న పందెంలో ప్రాణం నిలిపింది ముఖపరిచయం లేనివాళ్లు. ఆపదలో ఉన్నవాణ్ని ఆదుకోవడం ఓడ కెప్టెన్ విధి అని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 98వ అధికరణం చెబుతుంది. నేల మీద, జాతీయ రహదారి పక్కన పడి ఉన్నవాణ్ని చూసి కారు ఆపడానికి మనం ఎన్ని ఆలోచిస్తామో తెలిసిందే.

ఈ సంగతి మనకు పరాయి చట్టాలే నేర్పాయనుకుంటే పొరపాటు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. 1244 నాటిది. అంతకుముందు రాజులు గాలివానకు దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి రద్దు చేశాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోనన్నాడు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని కారణాలూ చెక్కించాడు. వర్తకం పెరిగితే ఖజానా నిండుతుందన్న లెక్క ఆయనకు తెలియదని కాదు. కానీ ఆయన రాజధాని ఓరుగల్లు కూడా ముడిమ్యాల లాంటిదే, అక్కణ్నుంచి అల కనిపించదు. తన కంటికి కనిపించని నీళ్ల మీద, తన భాష రాని మనిషి పడే భయాన్ని ఊహించి, దానికో మాట ఇచ్చి, ఆ మాట చెరిగిపోకుండా రాతి మీద పెట్టాడు. రాజుల ప్రశస్తుల్లో నాకు నచ్చేవి తక్కువ. ఇది మాత్రం ఆ తక్కువలో ఉంటుంది.

అయితే అభయం ఎవరికి? మా తమ్ముడు తిరగబోయే ఆ అండమాన్ సముద్రంలోనే 2015 మేలో వేలమంది రోహింగ్యాలు, బంగ్లాదేశీలు తిండీ నీళ్లూ లేకుండా పడవల్లో తేలారు. ఒడ్డున ఉన్న ప్రభుత్వాలు మొదట వాళ్లను వెనక్కి నెట్టాయి. వందలమందిని ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చింది ఇండొనేసియాలోని ఆచె జాలరులు. అదే నీలిరంగు, అదే గాలి. ఒకడి పడవ యాట్, ఇంకొకడి పడవ చొరబాటు.

ఇంకొంచెం వెనక్కి పోతే లెక్క మనవాళ్ల దాకా వస్తుంది. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు, ఆయన అక్కడే పోయాడు. హనీమూన్ పోస్టర్లలో మెరిసే మారిషస్‌కు 1834 తర్వాత ఒప్పంద కూలీలుగా పోయినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. గోదావరి మొగలోని కోరంగి రేవు పేరే వాళ్లకు పేరైంది. ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఇప్పుడు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. వాళ్లకు ప్లాను కాగితం లేదు, వేలిముద్ర వేసిన కాగితం ఉంది. అంత దూరమెందుకు, 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద కూలికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం జాలరులు తెలియక హద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యే దాకా కరాచీ జైలే. నీళ్ల మీద గోడ లేవదని ఇందాక అన్నాను. పేదవాడి పడవకు మాత్రం లేస్తుంది.

ఇదంతా చెబితే మా తమ్ముడు చిన్నబుచ్చుకున్నాడు. "గట్లయితే పోవద్దంటవానే అన్నా?" అన్నాడు. అనలేదు. దుఃఖం జరిగిన చోటల్లా సంతోషం నిషేధిస్తే మనిషి కాలు పెట్టడానికి జాగా మిగలదు. ఆ కూలీల మనవలు ఇవాళ ఆ ఒడ్డునే ఈత కొడుతున్నారు, కొట్టాలి కూడా. నేను అడిగింది ఒక్కటే: 'ఎవ్వరూ లేని' అని రాసేటప్పుడు, నిజంగా ఎవ్వరూ లేరా, మనకు లెక్కలోకి రారా?

ఆ దీవుల్లోనే ఈ ప్రశ్నకు గట్టి పరీక్ష ఒకటుంది. ఉత్తర సెంటినెల్ దీవి వాళ్లు ఎవర్నీ రానివ్వరు. 1956 నాటి నిబంధన, ఐదు నాటికల్ మైళ్ల నిషిద్ధ వలయం. 2018లో మత ప్రచారానికని దొంగచాటుగా దిగిన అమెరికన్ కుర్రాణ్ని బాణాలతో చంపారు. మూర్ఖత్వమో మొండితనమో అని మనం తల ఊపేముందు 1880 గుర్తు చేసుకోవాలి: పోర్ట్‌మన్ అనే ఇంగ్లీషు అధికారి ఆ దీవి నుంచి ముసలి జంటనూ నలుగురు పిల్లల్నీ పట్టుకుపోయాడు, జబ్బు చేసి పెద్దవాళ్లిద్దరూ పోయారు, పిల్లల్ని కానుకలిచ్చి మళ్లీ వదిలి వచ్చాడు. కానుకలు! బయటివాళ్లు ఇచ్చే అభయం ఎలా ఉంటుందో ఆ దీవి అప్పుడే చూసింది.

మా ఊళ్లో గోడ కూల్చి బాట ఇవ్వమనేవాణ్ని నేను. మరి అక్కడ బాట ఇవ్వనన్నవాళ్ల పక్షం ఎట్లా వహిస్తున్నాను? చాలా రోజులు ఇది తెగలేదు. వెనక పొలం రైతుకు ఆ బాట లేకపోతే బతుకు నడవదు. సెంటినెల్ ఒడ్డు తొక్కకపోతే మనకు పోయేదేమీ లేదు. అవసరానికి తలుపు తీయాలి, సరదాకు తీయనక్కర్లేదు. ఇక్కడికి వచ్చి హమ్మయ్య అనుకున్నాను. అయితే 2006 ఉంది. ఆ జనవరిలో ఆ దీవి దగ్గర వేటాడుతూ పడవలో నిద్రపోయిన ఇద్దరు జాలరుల లంగరు రాత్రి జారిపోయింది. తాడుకు కట్టిన రాయే వాళ్ల లంగరు. పడవ తేలుకుంటూ ఒడ్డుకు పోయింది, ఇద్దర్నీ చంపేశారు. వాళ్లు ఆ ఒడ్డు కోరలేదు. కొట్టుకొచ్చారు. మోటుపల్లి రాయి మాట ఇచ్చింది సరిగ్గా ఇలాంటివాళ్లకే. కానీ ఆ రాత్రి ఒడ్డున నిలబడ్డవాడికి కొట్టుకొచ్చినవాడెవడో, పోర్ట్‌మన్ వారసుడెవడో తేడా తెలిసే దారి ఏది? ఇక్కడ నా తర్కం ఆగిపోతుంది. ఎవరి తప్పు లేకుండా కూడా ఇద్దరు పోవచ్చని ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

తమ్ముడి దారి పోర్ట్‌బ్లెయిర్‌కు తూర్పున, సెంటినెల్ పడమర. వాడికి అది తగలదు. అయినా కాగితం కొంచెం మారింది. 'ఎవ్వరూ లేని బీచ్' తీసేసి, పంచాయతీనో అటవీశాఖనో అడిగి దిగగల ఒడ్లు రాసుకున్నాడు. పడవతో వచ్చే సరంగు ఏ ఊరివాడు, ఎప్పుడు పడుకుంటాడు, ఆయన కూలి ఎంత, మధ్యవాడికి పోయేదెంత అని కనుక్కుంటున్నాడు. కొత్తగా చేరిన ఇంకో వరుస, రాత్రి లంగరు కావలి. లంగరు జారుతోందా లేదా చూస్తూ రెండేసి గంటలు ఒకరు మేలుకుని ఉండాలి. పది నుంచి పన్నెండు ఒక దోస్తు, నాలుగు నుంచి ఆరు ఇంకొకడు, పన్నెండు నుంచి రెండు మూడోవాడు. రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఎవ్వరూ ఒప్పుకోవడం లేదట, దాని మీద వాట్సాప్‌లో కొట్లాట నడుస్తోంది.