ఇంటి గుట్టు రాయొచ్చా?

ఈ వేసవి సెలవుల్లో నాలుగు పుస్తకాలు చదివాను. రెండు తెలుగు నవలలు, రెండు మరాఠీ ఆత్మకథలు. మరాఠీవి ఇంగ్లీషు అనువాదంలో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగైదు పేజీల చొప్పున లాక్కొచ్చాను. నాలుగూ మనలాంటి వాళ్ల గురించినవే. చదవడం అయిపోయాక ఒక ప్రశ్న పట్టుకుంది. మన ఇళ్లలో జరిగింది జరిగినట్టు రాయొచ్చా? రాస్తే ఎవరిని అడిగి రాయాలి? రాయడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన మన పిల్లలకు, వాళ్ల చేత రాయిస్తున్న టీచర్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకనాడు ఎదురయ్యేదే. అందుకే నాకు తోచింది చెబుతున్నాను.

ముందు డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ వైపు కుష్టు రోగులకు వైద్యం చేసిన మనిషి. 2015లో పోయారు. నవల చిన్నదే. తప్పిపోయిన సూడి పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. అంతే కథ. దాన్ని హెమింగ్వే రాసిన ముసలివాడు, సముద్రం కథతో పోలుస్తారు పెద్దలు. పోల్చుకోనీ. నాకు మాత్రం అందులో మా దొడ్డి వాసన వచ్చింది. మేం ఎరుకలోళ్లం. మా ఇంట్లో పందులుండేవి. బడిలో నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, 'పందులోడు' అని పిలిచింది ఎక్కువ. ఈనిన పంది యజమానిని కూడా దగ్గరికి రానీయదని మా నాయన చెప్పేవాడు. ఆ మాట నిజమని తెలిసిన రచయిత ఒకడున్నాడని నలభై దాటాక తెలిసింది. పందిని తిట్టుగా కాకుండా ఒక మనిషి ఆస్తిగా, అతను ప్రాణం మీదికి తెచ్చుకునేంత విలువగా చూపిన పుస్తకం నేను చదివినవాటిలో ఇదే మొదటిది. ఆయనదే 'చివరి గుడిసె' యానాదుల బతుకు మీద రాసిన నవల. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది కాబట్టి ఇక్కడ కదిలించను.

కేశవరెడ్డి గారు మన ఇళ్లలో పుట్టినవారు కాదు. మన కథ మనమే రాయాలి అని సభల్లో అంటుంటాం. ఆ మాటకు నేనూ చప్పట్లు కొడతాను. బయటివాళ్లు రాసిన పుస్తకాలు మన చేతికి రానే రావు కూడా. కృష్ణకు ఆవల అమ్రాబాద్ చెంచుల మీద హైమన్‌డార్ఫ్ రాసిన పెద్ద పుస్తకం 1943లోనే అచ్చయింది. నాకు తెలిసిన చెంచు పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లు లేరు. అయినా ఆ ముసలివాడి కథ చదువుతున్నప్పుడు నాకు ఎక్కడా అవమానం అనిపించలేదు, జాలి పడుతున్నారనీ అనిపించలేదు. గుండె ఇరుకున పడింది మనవాళ్లు రాసిన పుస్తకాలు చదివినప్పుడే.

లక్ష్మణ్ మానే 'ఉపరా' 1980లో వచ్చింది. ఉపరా అంటే బయటివాడు, పరాయివాడు. ఆయన కైకాడి కులస్థుడు. కైకాడీలు గాడిదల మీద సామాను వేసుకుని ఊరూరూ తిరుగుతూ బుట్టలల్లుతారు. వాళ్ల మాట మన కుర్రు భాషకు చుట్టం. ఆ పుస్తకం చదువుతుంటే మహారాష్ట్రలో మేనమామ ఇల్లు దొరికినట్టయింది. లక్ష్మణ్ గైక్వాడ్ 'ఉచల్యా' 1987లో వచ్చింది. ఉచల్యా అంటే ఎత్తుకుపోయేవాడు. కులానికి పెట్టిన పేరే అది. రెండిటికీ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గైక్వాడ్ ఏదీ దాచలేదు. దొంగతనం ఎలా నేర్పుతారో, పట్టుబడినా నోరు విప్పకుండా ఉండడానికి పిల్లలను ముందే ఇంట్లో కొట్టి ఎలా అలవాటు చేస్తారో రాశాడు. ఇంటి మీద పడిన పోలీసులు ఆడవాళ్లతో ఎలా ప్రవర్తించారో రాశాడు. తాను బడికి పోవడం వల్లే పిల్లలకు రోగాలొచ్చాయని కులపెద్దలు తండ్రి మీద పడిన సంగతీ రాశాడు.

ఆ పేజీల్లో కొన్నింటిని ఒక రాత్రి మా అమ్మకు మన మాటలో చెప్పాను. శ్రద్ధగా వింది. బడికి పోతే రోగాలొస్తాయన్న చోట నవ్వింది. ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి ఆపమంది.

"ఆ యమ్మోళ్లు బతికుండంగానే రాసినాడా?"

"తెలీదు మా."

"కొడుక్కి పేరొచ్చింది సరే నాయనా. ఆ యమ్మ మొగం ఎట్ల చూపించుకుంటాది నలుగుర్లో?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు పెద్దలు. చదువుకున్న కొడుకు అవార్డు తీసుకుంటాడు, వేదికలెక్కుతాడు. చదువురాని తల్లి తన బతుకులో అన్నిటికన్నా చెడ్డ రోజు అచ్చులో ఉందని కూడా తెలియకుండా బుట్టలల్లుకుంటూ ఉంటుంది. దీన్ని న్యాయం అనుకోవడం కష్టమే.

అయితే ఆ సామెతను ఇంకో వైపు నుంచి చూడాలి. గుట్టు అనేది మన చేతిలో ఉన్నప్పుడు కదా దాచడం! మన ఇంటి గుట్టును మనకంటే ముందే సర్కారు రాసి పెట్టింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. అప్పటి కడప, కర్నూలు జిల్లాలు అందులోవే. రిజిస్టరులో పేరు, వేలిముద్ర. ఊరు దాటాలంటే అనుమతి. చెప్పిన వేళకు హాజరు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు వచ్చింది ఆ రోజుల్లోనే. చట్టం పోయింది 1952లో. అంటే మన తాతల మీద మొదటి పుస్తకం రాసింది పోలీసు స్టేషను. అందులో ఏం దొంగిలించారనే ఉంటుంది గానీ ఎందుకనేది ఉండదు. అసలు ఏమీ దొంగిలించని వాళ్ల పేర్లూ ఉంటాయి. మనం నోరు మూసుకుంటే గుట్టు దాగదు, ఆ రిజిస్టరు ఒక్కటే మన చరిత్రగా మిగులుతుంది.

మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో 'డిజానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం అచ్చు వేశారు. కొరవ, ఎరుకలవాళ్లు కోస్తా నుంచి ఉప్పు, లోపలి జిల్లాల నుంచి ధాన్యం పశువుల మీద మోసి అమ్మేవాళ్లని, సర్కారు ఉప్పు విధానం, రైలు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయని అందులో చూపించారు. మనలో ఉప్పు ఎరుకలు అనే తెగ పేరు ఊరికే రాలేదన్నమాట. సుగాలీల కథ కూడా ఇదే. ఎద్దుల మీద సరుకు మోసిన తండాలే అవి. మా తాత కుంచె ఎరుకల. మగ్గానికి పోయే ముందు పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు సాలోళ్లకు అమ్మేవాడు. నేతగాళ్ల చేతిలో మగ్గం ఉన్నన్నాళ్లూ ఆయన చేతిలో పని ఉంది. కుంచె కట్టే మనిషి ఏ ఊరికి పోయినా అక్కడి స్టేషనుకు మాత్రం అతను కుంచెలవాడు కాదు, ఎరుకలవాడు.

ఒక సంగతి గమనించండి. మన రాయలసీమలో ఫ్యాక్షన్ మీద ఎన్ని సినిమాలు వచ్చాయో లెక్క లేదు. బాంబులు వేసినవాళ్లు, వేటకొడవళ్లు ఎత్తినవాళ్లు వాటిలో హీరోలు. వాళ్ల కులాన్ని ఏ చట్టమూ రిజిస్టరులో ఎక్కించలేదు. ఆ ఇళ్ల పిల్లలు హాస్టల్లో చేరితే తోటివాళ్లు పెట్టెలకు తాళాలు వేసుకోరు. మన దగ్గరికొచ్చేసరికి ఒక్కడు చేసింది కులమంతా చేసినట్టు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా వచ్చినప్పుడు స్టూవర్టుపురం పేరు అందులో చూపించిన తీరు మీద హైకోర్టు దాకా పోయారు. దొంగే హీరో కదా, ఇంకేం బాధ అన్నారు కొందరు. హీరో ఒక్కడే, ఆ ఊరి పేరు దరఖాస్తులో రాసుకోవాల్సిన పిల్లలు వందల మంది.

గైక్వాడ్ పుస్తకానికీ అలాంటి సినిమాకూ తేడా ఎక్కడుందో చాలా రోజులు ఆలోచించాను. రెండిట్లోనూ దొంగతనం ఉంది, పోలీసు దెబ్బలున్నాయి. తీసినవాళ్లకు ఆ ఊళ్లో ఇల్లు లేదు. చెడ్డపేరు వస్తే వాళ్లు మోయాల్సింది లేదు. గైక్వాడ్ తన పేరు, తన తండ్రి పేరు, తన ఊరి పేరు ముందుపెట్టి రాశాడు. రేపు ఎవరైనా వేలు చూపితే మొదట చూపేది ఆయన వైపే. కేశవరెడ్డి గారు అలా పేరు పెట్టి రాయలేరు. అయితే ఆయన ఆ ముసలివాడి పక్కనే నడిచారు, అతనికి తెలిసినంతే చెప్పారు. పైనుంచి తీర్పు చెప్పలేదు. లోపలివాడా, బయటివాడా అనే లెక్కకంటే, రాసినదానికి వెల ఎవరు కడుతున్నారనే లెక్క నాకు సరైనదిగా తోస్తుంది.

మరి అమ్మ మాట? కొడుకు తన వంతు వెల కట్టాడు సరే, అమ్మ వంతు కూడా ఆమెను అడక్కుండానే కట్టించాడు కదా! దీనికి నాకు దారి చూపింది పుస్తకాలు కాదు, ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి.

మా బడిలో గోడపత్రిక ఉంది. 'మా ఇల్లు' అని రాయమంటే ఆ అమ్మాయి వాళ్ల నాయనను పోలీసులు పట్టుకుపోయిన రోజు గురించి రాసింది. ఊళ్లో మోటారు పోయింది. విచారణ లేదు, వెతకడం లేదు, నేరుగా వాళ్ల గుడిసెకే వచ్చారు. రెండు పేజీలు చక్కగా రాసింది. నాతో పనిచేసే టీచరు ఒకాయన వద్దన్నారు. మంచివాడు, పిల్లలంటే ప్రాణం. "ఆ పిల్లను రేపట్నుంచి అందరూ ఎట్ల చూస్తారు సార్? మనోళ్లలో పైకొచ్చినోళ్ల కథలు రాయించండి" అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. పైకొచ్చినవాళ్ల కథలు కావాల్సిందే. కానీ నాయన జైల్లో ఉన్న పిల్ల ఆ కథల్లో తన ఇంటిని ఎక్కడ వెతుక్కోవాలి? నేను ఆ అమ్మాయితో, ముందు మీ అమ్మకు చదివి వినిపించమ్మా అన్నాను.

ఆదివారం ఆ తల్లే బడికి వచ్చింది. వేయొద్దంటుందేమో అనుకున్నాను.

"అంతా సరిగ్గానే రాసింది సార్. కొట్టింది రాసింది, ఉండనీ. కానీ ఆ పొద్దు ఇంట్లో గింజ లేదని రాసింది సూడు, అది తప్పు. రెండు పడుల బియ్యం ఉన్నాయి. నేనే వండినా. అది మార్సమను."

ఆ అమ్మాయి తల వంచుకుంది. ఎందుకలా రాశావని అడిగితే, పేదోళ్ల కథల్లో అట్లే ఉంటాది కదా సార్ అంది.

ఆ మాట విన్నాక ఆ రెండు ఆత్మకథలనూ ఇంకోసారి తిరగేశాను. వాళ్లు ఆకలిని పెంచి రాశారని నేననను, ఆ ఆకలి అబద్ధం కాదు. కానీ మన గురించి చదివే బయటి పాఠకుడికి ఆకలి కావాలి, కన్నీళ్లు కావాలి. అవి ఉంటేనే నమ్ముతాడు. రాసేవాడికి తెలియకుండానే చెయ్యి అటు పోతుంది. దాన్ని పట్టుకోగలిగింది ఆ రోజు పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఒక్కతే. నేను అనుమతి అంటే అవుననో కాదనో అడగడం అనుకునేవాణ్ణి. ఆ తల్లికి కావలసింది అది కాదు, తన ఇంటి లెక్క సరిగ్గా ఉండాలి. పోలీసులు కొట్టడం ఆమెకు సిగ్గు కాదు, ఆ సిగ్గు కొట్టినవాళ్లది. బిడ్డకు అన్నం పెట్టలేదని రాయడం ఆమెకు సిగ్గు.

రెండు పడుల బియ్యంతో ఆ రచన గోడపత్రికలో వచ్చింది. నాయన పేరు తీసేసి, కింద తన పేరు రాసుకుంది ఆ అమ్మాయి. పక్క తరగతి సుగాలి పిల్లవాడొకడు అది చదివి, తండాలో పత్తి చేలకు వలసపోయేవాళ్ల గురించి రాసుకొచ్చాడు. వాడికి రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' ఇచ్చాను. నిజామాబాద్ వైపు లంబాడీ కుర్రవాడు రాసిన కథలు, 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన మాటలు తెలుగు లిపిలో రాయొచ్చా సార్ అని అడిగాడు వాడు, పుస్తకం తిరిగిస్తూ. నిక్షేపంగా రాయమన్నాను. ఒకప్పుడు మన కుర్రు భాషను దొంగల రహస్య భాష అని అనుమానించినవాళ్లున్నారు. అది గుసగుసల్లో ఉన్నన్నాళ్లూ అట్లే అనుకుంటారు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు అమ్మకు చదివి వినిపించాను. పందుల సంగతి ఉండనీ అంది. తాత కుంచెల సంగతి ఇంకొంచెం ఎక్కువ రాయొచ్చు కదా అంది. మధ్యలో ఒక పేరా ఉండేది, మా పెద్దత్త గురించి. అత్త ఇంకా ఉంది, ముందు ఆమెను అడిగి రా, అంది అమ్మ. అత్త ఇప్పుడు కూతురి దగ్గర ఆళ్లగడ్డలో ఉంటోంది. దసరా సెలవులకు గానీ పోవడం కుదరదు. అందుకని ఆ పేరా ఇందులో లేదు.